వీధిపోటు ఇంటికి తోట

గిద్దలూరు చూడ్డానికి ఎవరూ వెళ్లరు. అక్కడ పని ఉన్నవాళ్లు దిగుతారు. లేనివాళ్లు రైలు కిటికీలోంచి చెయ్యి చాపి టీ కొనుక్కొని నంద్యాల వైపు పోతారు. నేను మాత్రం ఒక ఇంటి ముందున్న ఖాళీ జాగా కోసం, ముప్ఫై అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు, అంతే, దానికోసం బట్టల సంచి సర్దుకొని వారం రోజులు వెళ్లి వచ్చాను. తిరుపతి వెళ్లొచ్చినవాళ్లు లడ్డు పంచుతారు. నా దగ్గర పంచడానికి ఇది తప్ప ఏమీ లేదు.

మాది కురిచేడు. ఫారెస్టు నర్సరీలో ఇరవై ఏళ్లు నల్ల సంచుల్లో మట్టి నింపాను. ఇప్పుడు ఇళ్ల ముందు తోటలు వేస్తాను. మంచి నేల ఉన్నవాళ్లు నన్ను పిలవరు, వాళ్లే వేసుకుంటారు. బండ మీద ఇల్లు కట్టినవాళ్లు, సెప్టిక్ ట్యాంకు మీద మల్లెతీగ కావాలనేవాళ్లు, మేక కూడా తిరగలేని సందులో అరటి వేస్తావా అని అడిగేవాళ్లు, వీళ్లే నా గిరాకీ. అక్షరాలు యాభై రెండో ఏట నేర్చుకున్నాను. అంతకుముందు మొక్క సంచి మీద ఏం రాసి ఉందో తెలిసేది కాదు, ఆకు చూసి పేరు చెప్పేదాన్ని. ఇప్పుడు చదవగలను కాబట్టి తెలుస్తోంది, నర్సరీవాళ్లు సగం పేర్లు తప్పు రాస్తారు.

పోయిన ఎండాకాలం మా ఊళ్లో ఒక పెళ్లికి గిద్దలూరు నుంచి ఖాసింబీ అనే ఆవిడ వచ్చింది. జాకెట్లు కుట్టే మనిషి, చూపు కూడా సూదిలాగే ఉంటుంది. పెళ్లివారి పక్కింట్లో బండ మీద నేను వేసిన తోట చూసి, బిర్యానీ సగంలో వదిలి నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"అక్కా, మా ఇంటికి వీధిపోటు ఉండాది. దానికి ఏమన్నా చెట్టు ఉందా?"

"పోటుకు చెట్టేందమ్మా? చెట్టు పెడితే చెట్టుకు కూడా తగులుద్ది."

"నవ్వులాట కాదు. ఏడాదిన్నర నుంచి ముందు పోర్షను ఖాళీ. వచ్చినోళ్లు గేటు కాడ నిలబడి వెనక్కి తిరిగి వీధిని చూస్తారు, మళ్లా నా మొగం చూస్తారు. సావు ఇంటికి వచ్చినోళ్ల మాదిరి చెప్పకుండా పోతారు."

వీధి నేరుగా వచ్చి ఇంటి ముందు ఆగిపోతే ఆ ఇంటికి పోటు తగిలినట్టని, అందులో ఉన్నవాళ్లు బాగుపడరని మనవాళ్ల నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. నా ఇంటికి ఏ వీధీ ఎదురు రాదు, అయినా నేను బాగుపడింది లేదు. ఖాసింబీకీ ఆ నమ్మకం లేదు. కానీ అద్దెకు వచ్చేవాళ్లకు ఉంది. చిక్కంతా అక్కడే.

వినాయక చవితి అయిన వారం ఆమె ఫోను చేసింది. ఈసారి గొంతు వేరేగా ఉంది. ఆమె భర్త మస్తాన్‌కు ఒక తమ్ముడున్నాడు, సిమెంటు వ్యాపారం. ఆ ఇల్లు తనకిచ్చేస్తే గోడౌను చేసుకుంటానని, అన్నావదినలు తన మేడ మీద రెండు గదుల్లో ఉండొచ్చని అడుగుతున్నాడు. నెలాఖరులోగా అద్దెకు ఎవరూ రాకపోతే అట్లనే కానిమ్మని మస్తాన్ మాట ఇచ్చేశాడు.

"ఇరవై ఏండ్లు జాకెట్లు కుట్టి కట్టిన ఇల్లక్కా," అంది. "మేం పోయి ఇంకొకరి మేడ మీద ఉండాలంట. మా ఇంట్లో సిమెంటు బస్తాలు పండుకుంటాయంట. ఈ ఆదివారం ఒకామె చూసేదానికి వస్తాంది, బ్యాంకులో పనిచేసే కొడుకు కోసం. సిద్ధాంతిని తోడు తెచ్చుకుంటాదంట. ఇదే ఆఖరు. నువ్వు రా."

మంగళవారం పొద్దున రైలెక్కాను.

పలకల ఊరు

మార్కాపురం రోడ్డు స్టేషను ఒకచోట, మార్కాపురం ఒకచోట. ఈ రెంటినీ కలపడానికి ఆటోలు పుట్టాయి. నేనెక్కిన దాంట్లో తొమ్మిదిమందిమి, ఒక కోడి. కోడికి మాత్రమే సీటు దొరికింది, ఎందుకంటే దాన్ని పట్టుకున్న పెద్దాయన డ్రైవరుకు మామ.

మార్కాపురంలో దిగింది రాయి కోసం. ఈ ఊళ్లో ఎటు చూసినా పలకరాయి ముక్కలే, రోడ్డు పక్కన నల్లగా గుట్టలు గుట్టలుగా పోసి ఉంటాయి. మనం చిన్నప్పుడు విరగ్గొట్టిన పలకలన్నీ ఇక్కడికే తిరిగి వచ్చాయా అనిపిస్తుంది. నేను చిన్నప్పుడు విరగ్గొట్టలేదు, నాకు పలక లేదు. యాభై దాటాక ఒకటి కొన్నాను, దాన్ని మా మేక విరగ్గొట్టింది.

ఒక రాళ్ల యార్డులో అంకమ్మ అనే ఆమె నేల మీద కూర్చొని పగిలిన ముక్కల్ని సైజుల వారీగా ఏరుతోంది. తలకు, ముక్కుకు కలిపి ఒకే తుండుగుడ్డ చుట్టుకుంది. పనికిరాని ముక్కలు కావాలన్నాను.

"దేనికి?"

"తోటకు."

"తోటకు రాయేందమ్మా? మీ ఊర్లో తోటలు ఎట్ల పెరుగుతాయి, పండ్లు కూడా రాళ్లే కాస్తాయా?"

"కాస్తే నీకే తెచ్చి అమ్ముతా."

నవ్వింది. తుండుగుడ్డ వెనకాల నవ్వు కనపడలేదు, భుజాలు కదిలాయి. పిల్లల పలకలు ఇప్పుడు పోవడం లేదని, గోడలకు అంటించే రాయే పోతోందని చెప్పింది. "ముందు అక్షరాలు రాసుకున్నారు, ఇప్పుడు అంటించుకుంటాండారు. రాయి అదే."

ట్రాక్టరు లోడు రెండు వేలంది. పారబోసే కూలి నీకు మిగులుద్ది కదా అన్నాను. బేరం పన్నెండు వందల దాకా వచ్చింది. ఇంకా దిగేదే, కానీ ఆమె టీ తెప్పించింది. మా కురిచేడులో ఎదుటివాళ్ల టీ తాగాక బేరం ఆడితే మర్యాద కాదు. మార్కాపురంలో అట్లాంటి పట్టింపు ఏమీ లేదని తర్వాత ఆటోలో ఒకాయన చెప్పాడు. అంకమ్మకు మా ఊరి మర్యాద బాగా తెలిసినట్టుంది. ఖాళీగా గిద్దలూరు వెళ్లే లారీలో రాయి పంపే ఏర్పాటు కూడా తనే చేసింది కాబట్టి టీ డబ్బులు చెల్లిపోయాయనుకున్నాను.

ఆదివారం పూసే తోట

ఊరి బయట ప్లాట్లు వేసిన ఒక జాగా ముందు పెద్ద బోర్డు: "ప్రకృతి ఒడిలో మీ సొంతిల్లు." లోపల నమూనా తోట కూడా ఉందని రాసి ఉంది. నేను చదవగలిగిన బోర్డు మాట నమ్మకపోవడం ఇంకా అలవాటు కాలేదు. లోపలికి వెళ్లాను.

నేలంతా పచ్చగా ఉంది. కాలు పెడితే చురుక్కుమంది. ప్లాస్టిక్ గడ్డి. ఆ ఎండకు దాని మీద అప్పడాలు వేయించుకోవచ్చు. నీళ్లు చిమ్మే కొంగ ఒకటి ఉంది, నోరు తెరుచుకొని, చుక్క లేకుండా. వరసగా బంతి, చామంతి, గులాబీ. పక్కనున్న నీడలో కాపలాదారు భార్య ఒకామె చింతపండు పిక్కలు తీస్తోంది.

"ఈ ఎండలో గులాబీ ఎట్లా బతికిందమ్మా?" అని అడిగాను.

"బతకదు," అంది తల ఎత్తకుండా. "శనివారం తెస్తారు, కుండీతో సహా గుంతలో దించుతారు. ఆదివారం కార్లేసుకొని జనం వస్తారు. సోమవారం సగం సస్తాయి. మళ్లా శనివారం."

"మరి నీళ్లు?"

"ట్యాంకరు కూడా ఆదివారమే."

తోట మొత్తంలో నిజంగా బతికున్నది ఒకే చోట. ట్యాంకరు గొట్టం పెట్టే మూల, అక్కడ కారిన నీళ్లకు మోకాలెత్తు వట్టివేరు దుబ్బు పెరిగింది. దాన్ని ఎవరూ నాటలేదు, ఎవరూ పీకలేదు, కార్లలో వచ్చినవాళ్లు చూసి ఉండరు. నాలుగు పిలకలు ఇస్తావా అంటే ఆమె కత్తిపీట ఇచ్చి, "అది గడ్డి గదా, మొత్తం కోసుకపో," అంది. తడిగుడ్డలో చుట్టుకొని సంచిలో పెట్టుకున్నాను. నమూనా తోట చూసి నేను నేర్చుకున్నది ఇంతే: ఎక్కడ మొక్క పెట్టాలా అని ఆలోచించకూడదు, నీళ్లు ఎక్కడికి వస్తాయో చూసుకోవాలి.

కంభం

బుధవారం కంభంలో దిగాను. పని లేదు. చెరువు చూడాలని, అంతే. ఇంత పేరున్న చెరువు, మా ఊరి రైలు మార్గంలోనే ఉంది, ఇన్నేళ్లూ కిటికీలోంచి ఊరి పేరు కూడా చదవకుండా దాటిపోయాను.

గట్టు ఎక్కి నిలబడితే ముందు కోపం వచ్చింది. గట్టు ఇంతేనా అనిపించింది. అటు చూస్తే నీళ్లు కనుచూపు మేర, ఇటు కట్ట చూస్తే రెండు కొండల మధ్య ఒక చిన్న అడ్డం. వల బాగుచేసుకుంటున్న ముసలాయనతో అదే అన్నాను.

"ఇంత నీళ్లకు ఇంత చిన్న కట్టా, పెద్దాయనా?"

"కట్ట కాదమ్మా అది, తలుపు. కొండలే గోడలు. కట్టినోడికి ఒళ్లు వంగేది కాదేమో, గోడలు కట్టకుండా తలుపు మాత్రం పెట్టి పోయినాడు."

ఆ మాటకు నేను చెయ్యి చాపి రెండు కొండల్నీ, మధ్యలో కట్టనీ గాల్లో జానతో కొలిచాను. ఆయన వల దించి, "ఏందమ్మా, చేపలు కావాల్నా?" అన్నాడు. కావాలన్నాను. గట్టు కింద పూటకూళ్ల హోటల్లో భోజనం, చేపల పులుసుతో నూట ఇరవై. మా వైపు పులుసులో చింతపండు ముందుంటుంది, ఇక్కడ కారం ముందుంటుంది, తినేవాళ్లు ఆ తర్వాత. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ కాగితం తీసి ఖాసింబీ ఇంటి ముందు జాగా బొమ్మ గీశాను, ఆమె ఫోనులో చెప్పిన కొలతలతో. గేటు దగ్గర ఎడమ మూలన పులుసు చుక్క పడింది, రూపాయి బిళ్లంత. తుడిస్తే ఇంకా పెద్దదయింది.

గిద్దలూరు

గురువారం పొద్దున గిద్దలూరులో నన్ను ముందుగా పలకరించింది ఉగ్గాని. బొరుగులు నానబెట్టి తాళింపు వేసి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు, ముప్ఫై రూపాయలు. మా కురిచేడులో ఆ వేళకు ఇడ్లీ తప్ప ఇంకోటి అడిగితే జబ్బు చేసిందా అంటారు. బొరుగుల్ని నేను అప్పటిదాకా పిల్లల తిండి అనుకునేదాన్ని. రెండు ప్లేట్లు తిన్నాను.

ఖాసింబీ ఇల్లు దక్షిణం ముఖం. ఎదురుగా వీధి, తాడు పట్టి కొలిచినట్టు నేరుగా వచ్చి, సరిగ్గా నైరుతి మూలనున్న గేటుకు గుద్దుకొని, అక్కడి నుంచి ఎడమకు తిరుగుతుంది. నైరుతికి తగిలే పోటు అన్నింటికన్నా చెడ్డదట. గేటు పక్కన గోడకు ఎవరో చిన్న వినాయకుడి పలక అంటించి పోయారు.

"మేం లేనప్పుడు ఎవరో మా మంచికోరి అంటించినారు," అంది ఖాసింబీ. "పీకితే తప్పు గదా. దుమ్ము పడితే నాకే బాగుండదు. శుక్రవారం గోడ తుడిచేటప్పుడు ఆయన్నూ తుడుస్తా."

మస్తాన్ రిటైరైన లారీ మెకానిక్. కుర్చీలో కూర్చొని వీధిని చూస్తుంటాడు, వీధి ఆయన్ని చూస్తుంటుంది. "రోడ్డు వచ్చి మా ఇంటికి డాష్ ఇచ్చింది చెల్లెమ్మా," అన్నాడు. "తప్పు రోడ్డుది. ఇన్సూరెన్సు మాత్రం రాదు." తర్వాత నా కాగితం అందుకొని తిప్పి తిప్పి చూశాడు. "ఈ మూల గుండ్రంగా ఏంది?"

"చేపల పులుసు."

"మంచి డిజైను."

నేను గేటులో నిలబడి చూశాను. పోటు సంగతి నాకు తెలియదు, వాలు తెలుస్తుంది. వీధి అంతా ఈ గేటు వైపు దిగుతోంది. ఇంటి గోడకు రెండు అడుగుల ఎత్తున ఒండ్రు గీత, మురికి లంగా అంచులాగా.

"వానొస్తే ఏమవుద్ది?" అని అడిగాను.

"వీధి వీధంతా ఇంట్లోకి వస్తాది," అంది ఖాసింబీ. "ఇస్తరాకులు, చెప్పులు, ఒకసారి పాల క్యాను. మేమిద్దరం బక్కెట్లతో ఎత్తి బయట పోస్తాం. పక్కింటి పుల్లమ్మ అరుగు మీద కూర్చొని ఎన్ని బక్కెట్లు పోసినామో ఎంచుతాది."

"బోరుందా?"

"ఆ మూలనే ఉండాది. ఎండిపోయి రెండేండ్లాయె. ట్యాంకరు కొంటాండాం."

నాకు నవ్వు ఆగలేదు. వాళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. ఏడాదికి నాలుగు వానలు పడే ఊళ్లో, ఎండిపోయిన బోరు పక్కన నిలబడి, ఇంట్లోకి నడిచొచ్చిన నీళ్లను బక్కెట్లతో గెంటేసి, మిగతా రోజులన్నీ ట్యాంకరు కొంటున్నారు! అట్లని చెబితే మస్తాన్ తన అరచేతుల్ని చూసుకున్నాడు. "లారీకి రేడియేటరు కారితే కింద గిన్నె పెట్టేవాణ్ని," అన్నాడు మెల్లగా. "ఇంటికి పెట్టలేదు."

నైరుతిలో గుంత

నా ఆలోచన ఇది. ఇల్లూ, పక్కనున్న ప్రహరీగోడా కొండలు. మధ్యలో పలకరాళ్లు నిలువుగా పాతి, జానెడు ఎత్తున తలుపులాంటి చిన్న కట్ట. గేటు లోపల, కట్టకు ముందు, నీళ్లు నిలిచి ఇంకే గుంత. నడిచే దారి నేరుగా కాకుండా కట్టను చుట్టి వంపు తిరిగి గడపకు చేరుతుంది. నీళ్లు దూసుకొచ్చే చోట వట్టివేరు, వాహనాల లైట్లు ఇంట్లో పడకుండా వావిలి పొదలు, అంచుల్లో బిళ్లగన్నేరు, తంగేడు, కలబంద. నీళ్లుంటే తాగి, లేకపోతే ఊరుకునే మొక్కలు.

కూలికి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. గుంత ఎక్కడో చూపించగానే పెద్దవాడు చెన్నయ్య పార కింద పెట్టాడు.

"నైరుతిలో గుంతా? మేం తవ్వమమ్మా. తవ్వించినోళ్లకే కాదు, తవ్వినోళ్లకూ మంచిది కాదు."

"పెట్టేది చెట్లు నాయనా."

"చెట్లకు పాదులు తీస్తాం. గుంత మాత్రం తవ్వం."

సరే అన్నాను. అక్కడికక్కడ బొమ్మ మార్చేశాను. ఒక పెద్ద గుంతకు బదులు మూడు పాదులు, ఒక్కోటి మంచమంత, మోకాలి లోతు. ఒకటి నిండితే రెండోదానికి, అది నిండితే మూడోదానికి నీళ్లు పోయేట్టు మధ్యలో కాలవ. ప్రతి పాదులో ఒక కానుగ మొక్క. నిజానికి ఇదే మేలైంది. చెన్నయ్య జంకూ గొంకూ లేకుండా మూడూ తవ్వి, "ఇంత పెద్ద పాదులు నేనెప్పుడూ తీయలా. ఈ చెట్లు ఏనుగులంత అవుతాయా?" అని మాత్రం అడిగాడు.

పుల్లమ్మ అరుగు మీద నుంచి అంతా చూస్తోంది. వీధిలోకి కొత్తవాళ్లు ఎవరొచ్చినా ఇల్లు చూపించకముందే పోటు చూపించేది ఈమేనని ఖాసింబీ చెప్పింది.

"ఏం ఖాసింబీ, స్విమ్మింగుపూలు కట్టిస్తాండావా?"

"ఔ వదినా. నీకు ఈత వస్తాదా?"

"నీళ్లుంటే గదా ఈత. రాళ్లల్లో దొర్లాల్సిందే."

శుక్రవారం సాయంత్రానికి రాళ్లు పాతడం అయింది. అప్పుడు ఖాసింబీ నెమ్మదిగా అసలు కోరిక బయటపెట్టింది. గులాబీలు కావాలట. వరసగా, గేటు నుంచి గడప దాకా. నమూనా తోట సంగతి చెప్పాను, ట్యాంకరు నీళ్ల సంగతి చెప్పాను, వినలేదు. "సిద్ధాంతి పోటు చూసే లోపల గులాబీ చూడాల," అంది. అరగంట వాదించాక కుండీలో ఒక్క గులాబీకి రాజీపడ్డాం. సందులు తిరిగి నర్సరీ నుంచి తెచ్చింది, సంచి మీద "ఎర్ర గులాబి" అని రాసి ఉంది. అది తెల్లది పూసింది.

శనివారం వాన

శనివారం మధ్యాహ్నం మూడింటికి ఆకాశం అడవి వైపు నల్లబడింది. నేను ఇంకా బిళ్లగన్నేరు నాటుతున్నాను. మొదటి చినుకులకు వీధిలో జనం బట్టలు తీసుకోవడానికి పరిగెత్తారు. ఖాసింబీ అలవాటు కొద్దీ రెండు బక్కెట్లు తెచ్చి గడపలో పెట్టింది.

ముందు వీధి రంగు మారింది. తర్వాత వీధి కదిలింది. ఎర్రటి నీళ్లు, ముందర ఇస్తరాకులు, వెనకాల రెండు చెప్పులు, నేరుగా మా గేటుకు. సిద్ధాంతుల మాటలో ఒక్క ముక్క మాత్రం నిజమని ఆ క్షణాన ఒప్పుకోవాల్సి వచ్చింది: పొడవడం అంటే ఇదే. నేను అప్పుడే నాటిన నాలుగు బిళ్లగన్నేరు మొక్కల్ని లాక్కుపోయింది. వట్టివేరు ఒంగింది గాని ఊడలేదు. మొదటి పాదు నిండింది. నీళ్లు కాలవ వెతుక్కొని రెండోదానిలోకి దిగాయి. అది నిండుతుంటే మస్తాన్ కుర్చీలోంచి లేచాడు. మూడోది సగం నిండేసరికి రాళ్ల కట్ట దగ్గర ఒకచోట నీళ్లు బుసబుసమని కారడం మొదలైంది. నేను పాతిన రాయి వదులైంది, తప్పు నాది. ఆ సందులో ఏం పెట్టాలో తోచక దాని మీద కూర్చున్నాను. అట్లా ముప్పావుగంట కూర్చున్నాను. నా వెనక మెట్లు, గడప, అన్నీ పొడిగా ఉన్నాయి.

వాన తగ్గాక చూస్తే ఖాసింబీ ఇంకా గడపలోనే, చేతిలో ఖాళీ బక్కెట్లతో. ఏం చేయాలో తెలియక ఒకదాన్ని బోర్లించి దాని మీద కూర్చుంది.

"ఏమమ్మో," అని కేకేసింది పుల్లమ్మ అరుగు మీద నుంచి. "ఎంచుదామని కూర్చుంటే ఒక్క బక్కెట్టూ పోయకపోతివి?"

ఆదివారం

పొద్దున్నే ఆ రాయిని గట్టిగా పాతాను. మూడో పాదు అప్పటికే ఇంకిపోయింది, రెండోది అడుగున తళతళలాడుతోంది, మొదటిది నిండుగా ఉంది. సిద్ధాంతి తొమ్మిదింటికి వస్తాడనగా, ఎనిమిదిన్నరకు వీధి వచ్చింది. ఈసారి మనుషులుగా. పుల్లమ్మ ముందు, వెనక ఏడెనిమిదిమంది.

"ఖాసింబీ, ఇది న్యాయమేనా?" అంది పుల్లమ్మ. "మా ఇంటి ముందు పడిన వాన కూడా నీ పాదుల్లోకే పోయింది. మా బోర్లు ఎండలేదా?"

"ఇన్నేండ్లు నా ఇంట్లోకి వస్తాంటే ఒక్కరన్నా అడిగినారా వదినా?"

"అప్పుడు నువ్వే బయట పోసేదానివి గదా! ఇప్పుడు దాచుకుంటాండావు!"

మస్తాన్ ఏదో చెప్పబోయాడు. ఎవరూ వినలేదు. సరిగ్గా ఆ గొడవ మధ్యలో ఆటో ఆగింది. సిద్ధాంతి దిగాడు, వెనకాల బ్యాంకు ఉద్యోగి తల్లి తిరుపతమ్మ. చంద్రశేఖరపురం వైపు పల్లె మనిషి, నెత్తి మీద బిందెలు మోసి మోసి మెడ నిటారుగా ఉంది. ఖాసింబీ పైట కొంగును వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి, గులాబీ కుండీ పక్కన నిలబడింది.

సిద్ధాంతి దిక్సూచి తీశాడు, వీధిని చూశాడు, గేటును చూశాడు. "నైరుతి వీధిపోటు," అన్నాడు. "దానికి తోడు నైరుతిలో పల్లం. ఒకటి కాదమ్మా, రెండు దోషాలు. ఈ పోటు పూర్తిగా ఈ ఇంటిదే."

పుల్లమ్మకు అది నచ్చలేదు. ఆమె వాదనలో ఉంది, ఆపడం ఆమె వల్ల కాదు.

"ఈ ఇంటిది ఎట్లవుతాది స్వామీ?" అంది. "వీధి మా అందరిదీ. వీధిలో వచ్చేది ఏదైనా మా అందరిదీ. ఈమె ఒక్కతే వాడుకుంటానంటే మేం ఒప్పుకోం!"

"నేను చెప్పేది పోటు గురించి తల్లీ."

"పోటైనా సరే!" అంది పుల్లమ్మ. వెనకాలవాళ్లు కూడా అవునవునన్నారు. ఇన్నాళ్లూ ఆ పోటును ఒక్క ఖాసింబీ తలకే అంటగట్టిన వీధి, అందరూ కలిసి అందులో వాటా అడుగుతోంది.

తిరుపతమ్మ వీళ్లెవరినీ చూడటం లేదు. మొదటి పాదు పక్కన గొంతుక్కూర్చొని, చెయ్యి ముంచి, నీళ్లను వేళ్ల మధ్య నుంచి జారవిడుస్తోంది.

"ఇవి ఇట్లనే ఉంటాయా?" అని నన్ను అడిగింది.

"ఉండవమ్మా. రేపటికి లోపలికి దిగిపోతాయి. బోరు ఆ పక్కనే."

ఆమె లేచి చీరకు చెయ్యి తుడుచుకుంది. "అయ్యా, నాకు సదువు రాదు, మీరే చెప్పండి," అంది సిద్ధాంతితో. "ఇంతమంది మాది మాది అని కొట్లాడే పోటు, పంచితే ఈ ఇంటికి ఎంత మిగుల్తాది?"

సిద్ధాంతి దిక్సూచి వైపు చూశాడు. అందులో ఆ లెక్క లేదు. "ఆ వాటాల సంగతి శాస్త్రంలో లేదమ్మా," అన్నాడు. నాకు ఆయన మీద మొదటిసారి గౌరవం కలిగింది, తెలియదని ఒప్పుకున్నాడు.

"అయితే మావాడు బుధవారం దిగుతాడు," అంది తిరుపతమ్మ. "మా ఊరికి ఇట్లాంటి పోట్లు నాలుగు తగిలుంటే మేం బయటికొచ్చే పనే లేకపాయె."

ఖాసింబీ లోపలికి వెళ్లింది. టీ తెస్తుందనుకున్నాం, పది నిమిషాలైనా రాలేదు. నేను వెళ్లి చూస్తే కుట్టుమిషను మీద తల పెట్టుకొని ఏడుస్తోంది. బయట మస్తాన్ తమ్ముడికి ఫోను చేస్తున్నాడు. "నయ్ భాయ్, నయ్. మాట ఇచ్చినా, నిజమే. నెలాఖరుకు ఎవరూ రాకపోతే అన్నా. వచ్చినారు." పాలు నేనే పొయ్యి మీద పెట్టాను.

సోమవారం పొద్దున స్టేషనుకు బయలుదేరాను. దారిలో చదువుకోవడానికి ఖాసింబీ ఏదో చీటీ ఇచ్చింది. జాకెట్టు కొలతలు, నావే, నేను చూడకుండా ఎప్పుడు తీసిందో. గేటు దాటి నాలుగడుగులు వేసేసరికి పుల్లమ్మ భర్త తమ గేటు ముందు పలుగుతో నేల తవ్వుతున్నాడు. ఆయనకు మనసు లేదని వీపే చెబుతోంది. పుల్లమ్మ నడుం మీద చేతులు పెట్టుకొని పక్కనే నిలబడింది. నన్ను చూసి చెయ్యెత్తి ఆపింది.

"ఏమమ్మో కురిచేడామె, చెప్పిపో. ఎంత లోతు తీస్తే మాక్కూడా కొంచెం పోటు తగుల్తాది?"

"మోకాలి లోతు," అన్నాను.

"విన్నావా?" అంది మొగుడితో. "ఇంకా తవ్వు."